సిలికా జెల్‌లో కాల్షియం ఫాస్ఫేట్ వలయాలు: మెగ్నీషియం, జింక్ కలిపితే ఎందుకు మారుతున్నయి?

నల్లగొండ_ఎమ్మెస్సీ

అందరికి నమస్తే. నేను నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న. కిడ్నీ రాళ్లల్లో ఉండే కాల్షియం ఫాస్ఫేట్‌ను జెల్‌లో పెంచుడు, దానికి లోహ అయాన్లు కలిపితే ఏం మారుతదో చూసుడు, ఇది నా ప్రాజెక్టు.

చేసిన పద్ధతి ఇది. సోడియం మెటాసిలికేట్ ద్రావణం 1.06 సాంద్రతకు తెచ్చి, ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం కలుపుకుంట పీహెచ్ 6 దగ్గర ఆపిన. టెస్ట్ ట్యూబుల్ల పోసి జెల్ గట్టిపడ్డంక పైన 1 మోలార్ కాల్షియం క్లోరైడ్ పోసిన. ఏ అయానూ కలపని ట్యూబుల జెల్ పైభాగంల తెల్లటి దట్టమైన పట్టీ వచ్చింది. దాని కింద సన్నటి తెల్ల వలయాలు ఒకదాని కింద ఒకటి, కిందికి పోయినకొద్దీ ఎడం పెరుగుకుంట వచ్చినయి. ఇంకా అడుక్కు పోతే పలుచటి బిళ్లల లాంటి స్ఫటికాలు, కొన్ని నక్షత్రం ఆకారంల కలిసినవి.

ఇప్పుడు పైన పోసే కాల్షియం క్లోరైడ్‌లనే 0.1 మోలార్ మెగ్నీషియం క్లోరైడ్ కలిపితే వలయాల సంఖ్య తగ్గింది, మధ్య ఎడం పెరిగింది, అడుగున బిళ్లలు పెద్దగైనయి. జింక్ క్లోరైడ్ కలిపితే పైపట్టీ మందంగ అయ్యి, కింద వలయాలు చెదిరిపోయినయి. కాపర్ క్లోరైడ్‌తోని పైన నీలి ఆకుపచ్చ పొర, కింద దాదాపు ఏం లేదు.

నా ప్రశ్నలు రెండు. మూడు అయాన్లకూ ఛార్జి ఒకటే, మెగ్నీషియం, జింక్, కాపర్ సైజు కూడ దగ్గర దగ్గరే, మరి మూడు రకాల నమూనాలు ఎందుకు? రెండోది నాకు ఎక్కువ కావలసింది. రిపోర్టు చివర "మెగ్నీషియం, జింక్, కాపర్ మూత్రపిండాల రాళ్లను నిరోధిస్తాయి" అని రాయొచ్చునా? ఇంట్లో మా నాయినకు రెండు సార్లు రాళ్లు పడినయి. ఆయన లారీ నడుపుతడు, ఎండల తిరుగుతడు. నేను ఏదన్న రాస్తే ఇంట్లో వాళ్లు దాన్ని నమ్ముతరు. అందుకే తెలిసినవాళ్లు కొంచెం వివరంగ చెప్పండి.

పాలమూరు_ల్యాబ్

చెల్లె, నేను మహబూబ్‌నగర్‌ల డయాగ్నొస్టిక్ ల్యాబుల పనిచేస్త. నీ జెల్ గురించి నాకు తెల్వది, మూత్రం గురించి చెప్త.

24 గంటల మూత్రం పరీక్షల మేం చూసేది కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, యూరిక్ యాసిడ్, మెగ్నీషియం, ఫాస్ఫేట్, సోడియం, పీహెచ్, మొత్తం ఎంత మూత్రం వచ్చింది అన్నది. జింక్, కాపర్ రాళ్ల కోసం ఎవ్వరూ అడగరు. కాపర్ అడిగితే విల్సన్ వ్యాధి (ఒంట్ల కాపర్ పేరుకునే జబ్బు) అనుమానంతోనే అడుగుతరు. ఎందుకంటే ఆరోగ్యంగ ఉన్న మనిషి మూత్రంల రోజుకు జింక్ ఒక మిల్లీగ్రాము లోపే, కాపర్ మామూలుగ 50 మైక్రోగ్రాముల లోపు. మెగ్నీషియం మాత్రం రోజుకు 100 మిల్లీగ్రాముల అటుఇటు ఉంటది. అంటే మూడింటినీ ఒకే 0.1 మోలార్ల కలిపి పోల్చుడు మూత్రం లెక్కన సరిపోదు.

ఇంకోటి. సూక్ష్మదర్శిని కింద నాకు రోజూ కనపడేది కాల్షియం ఆక్సలేటే. డైహైడ్రేట్ అయితే పోస్టు కవర్ లెక్క, మోనోహైడ్రేట్ అయితే డంబెల్ లెక్క, అండాకారం. ఫాస్ఫేట్ స్ఫటికాలు మూత్రం క్షారంగ ఉన్నోళ్లల్ల చూస్త. స్ట్రూవైట్ (మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికం) అయితే శవపేటిక మూత ఆకారం, అది కనపడిందంటే ఇన్‌ఫెక్షన్ ఉన్నదేమో అని చూడాలె. మీ నాయినకు పడిన రాయి దొరికిందా? దొరికితే ఎఫ్‌టీఐఆర్ (రాయి దేంతోని తయారైందో ఇన్‌ఫ్రారెడ్ కాంతితోని తేల్చే పరీక్ష) చేయించండి. రాయి రకం తెల్వకుండ ఏ అయాన్ మంచిది ఏది చెడ్డది అన్న ముచ్చటే రాదు.

మిర్యాలగూడ_పాత_లెక్చరర్

అమ్మా, నీ ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైర్ అయినవాణ్ణి. జెల్‌లో స్ఫటికాలు పెంచడం నాకు ప్రాణంతో సమానమైన పని. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు ఆ వలయాల సంగతి. వాటిని లీజెగాంగ్ వలయాలు అంటారు. 1896లో జర్మనీలో రఫాయెల్ లీజెగాంగ్ పొటాషియం డైక్రోమేట్ కలిపిన జెలటిన్ పొర మీద సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే అవక్షేపం ఒకే మచ్చగా కాకుండా వలయాలుగా ఏర్పడింది. మరుసటి సంవత్సరమే ఆస్ట్‌వాల్డ్ కారణం చెప్పాడు. రెండు అయాన్లు కలిసిన చోటల్లా అవక్షేపం పడదు. వాటి గాఢతల లబ్ధం ద్రావణీయతను దాటి, ఇంకా పైకి, కేంద్రకాలు (స్ఫటికం మొదలయ్యే చిన్న గింజలు) పుట్టే గడప దాకా రావాలి. అక్కడ ఒక్కసారిగా అవక్షేపం పడుతుంది, చుట్టుపక్కల ఉన్న ఫాస్ఫేట్‌ను లాగేసుకుంటుంది. ఆ ఖాళీ అయిన మేర దాటి కాల్షియం ఇంకా కిందికి వెళితేనే మళ్లీ గడప దాటుతుంది. అందుకే వలయం, ఖాళీ, వలయం.

ఇది అర్థమైతే నీ మెగ్నీషియం ట్యూబు దానంతట అదే చదవడానికి వస్తుంది. ఎడం పెరిగిందంటే రెండు కారణాల్లో ఒకటి. కేంద్రకాలు పుట్టే గడప పైకి జరిగి ఉండాలి, లేదా కాల్షియం జెల్‌లో నడిచే తీరు మారి ఉండాలి. ఈ రెండింటినీ విడదీయడం నీ చేతిలో ఉన్న పనే. ప్రతి వలయం జెల్ అంచు నుంచి ఎంత లోతులో ఉంది, ఎప్పుడు కనపడింది అన్నది రాసుకున్నావా? లోతును కాలం వర్గమూలంతో గ్రాఫు గియ్యి. సరళరేఖ రావాలి. మెగ్నీషియం ఉన్న ట్యూబుకూ లేని ట్యూబుకూ ఆ రేఖ వాలు ఒకటే అయితే అయాన్ల నడక మారలేదని అర్థం. ఆ తర్వాత పక్కపక్క వలయాల లోతుల నిష్పత్తి చూడు. మామూలుగా అది ఒక స్థిరమైన విలువకు చేరుతుంది. నడక మారకుండా ఈ నిష్పత్తి మాత్రం పెరిగితే, మెగ్నీషియం గడపను పెంచిందని ధైర్యంగా రాయవచ్చు. ఫోటో పెట్టి "దూరమయ్యాయి" అని రాయడానికీ, ఈ రెండు సంఖ్యలు పెట్టి రాయడానికీ చాలా తేడా ఉంది. చూసేవాడికి నీ ప్రాజెక్టు బలమంతా అక్కడే కనపడుతుంది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. ఛార్జి ఒకటే, సైజు దగ్గరే అన్నావు. మెగ్నీషియం వ్యాసార్ధం 0.72 ఆంగ్‌స్ట్రాములు, కాపర్ 0.73, జింక్ 0.74. కాల్షియం 1.00. అంటే మూడూ కాల్షియం కంటే చిన్నవే, మూడూ కాల్షియం స్థానంలో హాయిగా కూర్చోలేవు. కాల్షియం స్థానంలో సులభంగా కూర్చునేది స్ట్రాన్షియం, దాని వ్యాసార్ధం 1.18. కాబట్టి నీ మూడు అయాన్లను చూసేటప్పుడు "లోపల దూరిందా" అనే ప్రశ్న కంటే "ఎక్కడ నిలబడి పనిచేస్తోంది" అనే ప్రశ్న పనికొస్తుంది. ద్రావణంలో ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉందా, స్ఫటికం ముఖం మీద అంటుకుని ఉందా, లేక తానే వేరే అవక్షేపంగా పడిపోయిందా?

మెగ్నీషియం సంగతి నాకు చాలా ఇష్టం. అది నీళ్లలో ఒంటరిగా ఉండదు, ఆరు నీటి అణువులను గట్టిగా పట్టుకుని తిరుగుతుంది. ఆ నీళ్లను వదిలి కొత్త నీళ్లను తీసుకోవడంలో కాల్షియం కంటే వెయ్యి రెట్లు పైగానే నెమ్మది. స్ఫటికం పెరిగే అంచు మీదికి మెగ్నీషియం వచ్చిందనుకో, నీళ్లు వదలడానికి అంత సమయం తీసుకుంటే అంచు అక్కడ ఆగిపోతుంది. అందుకే మెగ్నీషియం ఉంటే అస్ఫటిక (ఇంకా స్ఫటికం కాని) కాల్షియం ఫాస్ఫేట్ ఎక్కువసేపు అలాగే నిలుస్తుంది, బ్రషైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ రకం హైడ్రాక్సీఅపటైట్ అనే ఇంకో రకంగా మారడం ఆలస్యమవుతుంది. నీ ట్యూబు అడుగున పెద్దవైన బిళ్లలు బ్రషైట్ అయ్యే అవకాశం ఎక్కువ. తక్కువ కేంద్రకాలు పుడితే ఒక్కొక్కటి పెద్దగా పెరుగుతుంది, అది మామూలు లెక్క. కానీ ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో స్ఫటికం రకం తేల్చే పరీక్ష) చేయకుండా బ్రషైట్ అని రాయకు. హైదరాబాద్ పంపించి అయినా పౌడర్ నమూనా తీయించు.

ఇదే మెగ్నీషియం అమ్మోనియం, ఫాస్ఫేట్‌లతో కలిసి మూత్రం క్షారంగా ఉన్నప్పుడు స్ట్రూవైట్ రాయి అవుతుంది. యూరియాను విడగొట్టే ప్రోటియస్ లాంటి బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లలో అది కిడ్నీ లోపల కొమ్మలు వేసుకుంటూ పెరుగుతుంది. ఆ స్ఫటికంలో మెగ్నీషియం తన ఆరు నీటి అణువులను వదలకుండానే కూర్చుంటుంది. అంటే కాల్షియం ఫాస్ఫేట్ దగ్గర అడ్డం పడిన అదే గుణం, స్ట్రూవైట్ దగ్గర నిర్మాణంలో భాగమైపోయింది. "మెగ్నీషియం రాళ్లను నిరోధిస్తుంది" అనే వాక్యం ఎందుకు నిలవదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఏ రాయి అన్నది చెప్పకుండా ఆ వాక్యానికి అర్థం లేదు.

జింక్, కాపర్ దగ్గర నాకు నీ ప్రయోగం మీదే సందేహం. ఈ రెండూ ఫాస్ఫేట్‌తో తామే కరగని లవణాలు ఇస్తాయి. నీ కాపర్ ట్యూబులో నీలి ఆకుపచ్చ పొర కాపర్ ఫాస్ఫేటే అయి ఉండాలి. జింక్ ట్యూబులో మందమైన తెల్లపట్టీలో జింక్ ఫాస్ఫేట్ కలిసి ఉండాలి. అలా అయితే కింద వలయాలు రాకపోవడానికి కారణం అవి కాల్షియం ఫాస్ఫేట్‌ను "నిరోధించడం" కాదు, పైభాగంలోని ఫాస్ఫేట్‌ను ముందే తినేసి, దారిలో దట్టమైన పొర కట్టడం. పైగా ఫాస్ఫేట్ అవక్షేపంగా పడేటప్పుడు హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి, పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ పడిపోతే కాల్షియం ఫాస్ఫేట్ అదే కరిగే వైపు వెళుతుంది. దీన్ని చూడడానికి ఒక వేరే ట్యూబులో బ్రోమోక్రెసాల్ పర్పుల్ సూచిక కొద్దిగా కలుపు. 6.8 పైన ఊదా, 5.2 కింద పసుపు. అవక్షేపం ముందంజ వెంట రంగు ఎలా మారుతోందో కళ్లతో చూస్తావు. అసలు కొలతలు తీసే ట్యూబుల్లో మాత్రం సూచిక వేయొద్దు, అది కూడా స్ఫటికం ముఖానికి అంటుకోగలదు.

పాలమూరు తమ్ముడు చెప్పిన గాఢతల మాట బంగారం లాంటిది. లెక్క వేసి చూడు. రోజుకు అర మిల్లీగ్రాము జింక్, లీటరున్నర మూత్రం అనుకుంటే లీటరుకు 5 మైక్రోమోల్ దగ్గర. నువ్వు పోసింది 0.1 మోల్. ఇరవై వేల రెట్లు. మెగ్నీషియం అయితే మూత్రంలో లీటరుకు 3 మిల్లీమోల్ దాకా ఉంటుంది, నీది ముప్పై రెట్ల పైన. కాబట్టి మెగ్నీషియం ఫలితాన్ని ఇంకా తక్కువ గాఢతల్లో, 3, 10, 30 మిల్లీమోలార్లలో మళ్లీ చేస్తే మూత్రానికి దగ్గరగా వస్తావు. జింక్‌ను మైక్రోమోలార్లలో వేస్తే వలయాల్లో ఏ తేడా కనపడకపోవచ్చు. కనపడకపోతే అది కూడా ఫలితమే, దాన్ని దాచకుండా రాయి.

తక్కువ గాఢతలో లోహం పనిచేయదని మాత్రం అనుకోవద్దు. 1980ల్లోనే ఫెర్రిక్ (ఇనుము) అయాన్ సిట్రేట్‌తో (నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లం నుంచి వచ్చే అయాన్) కలిసి ఉన్నప్పుడు చాలా తక్కువ మోతాదులో స్ఫటికం పెరుగుదలను ఆపుతుందని చూపారు. మూత్రంలో సిట్రేట్ ఎప్పుడూ ఉంటుంది. నీ జెల్‌లో లేదు. లోహం ఒక్కటే వేసిన ట్యూబు, సిట్రేట్ ఒక్కటే వేసిన ట్యూబు, రెండూ కలిపిన ట్యూబు పక్కపక్కన పెట్టగలిగితే నీ ప్రాజెక్టు మామూలు ప్రాజెక్టు కాదు.

ఇంకొక్క మాట. కోసిన రాయిలో కూడా పొరలు కనపడతాయి, వాటిని చూసి "ఇవి లీజెగాంగ్ వలయాలే" అని రాయాలనిపిస్తుంది. ఆ తొందర వద్దు. రాయిలోని పొరలు చాలావరకు ఆ మనిషి జీవితం రాసిన పొరలు. నీళ్లు తక్కువ తాగిన రోజులు, పీహెచ్ మారిన కాలం, ఒకప్పుడు ఆక్సలేట్, ఒకప్పుడు అపటైట్. కిడ్నీ తిత్తుల్లో లీజెగాంగ్ నిర్మాణాలను పాథాలజీ వాళ్లు నిజంగానే చూశారు, కానీ అవి రాళ్లు కావు.

మర్రిగూడ_రైతు

సార్లకు నమస్తే. నాకు కెమిస్ట్రీ రాదు కని ఈ ముచ్చట మాకే ఎక్కువ కావాలె. మాది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లతోని మా పెద్దోళ్ల నడుములు వంగినయి, కాళ్లు వంకర్లు పోయినయి, అది అందరికి ఎరుకే. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నయి, కృష్ణా నీళ్లు. ఐనా చేల కాడ బోరు నీళ్లే తాగుతం. కొందరు ప్లాంటు క్యాన్ నీళ్లు తాగుతరు. మా ఊర్ల రాళ్లు ఉన్నోళ్లు శానమంది. ఒకలు బోరు నీళ్ల సున్నంతోని అంటరు, ఒకలు ఫ్లోరైడ్‌తోని అంటరు. ఈత కల్లు తాగితే రాయి కరుగుతది, ఉలవచారు తాగితే పడిపోతది అని చెప్తరు. పటిక నీళ్లల్ల వేస్తే కూడ రాళ్లు వస్తయా? పాతకాలంల ఫ్లోరైడ్ తీసెటందుకు పటిక, సున్నం వేసి తేర్చెటోళ్లు గదా. నిజం ఏందో చెప్పున్రి.

మిర్యాలగూడ_పాత_లెక్చరర్

అన్నా, మీరు అడిగింది ఈ అమ్మాయి ప్రశ్నకు అన్నకూతురు లాంటి ప్రశ్న. ఒక్కొక్కటీ చెప్తాను.

పటిక, సున్నంతో తేర్చే పద్ధతిని నల్లగొండ పద్ధతి అనే ప్రపంచమంతా అంటారు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో తయారుచేసింది. పటికలోని అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. సరిగ్గా పీహెచ్ చూసుకుని, బాగా తేర్చి వడపోస్తే అల్యూమినియం చాలావరకు అడుగునే ఉండిపోతుంది. సరిగ్గా చేయకపోతే కొంత నీళ్లలో మిగులుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు లేకపోతే 0.2 దాకా. దానికి హద్దు పెట్టింది రాళ్ల భయంతో కాదు. పటికతో రాళ్లు వస్తాయని మీరు భయపడనవసరం లేదు.

ఫ్లోరైడ్ వేరే కథ. మన దిక్కు గ్రానైటు రాళ్లలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి వస్తుంది. ఎక్కడైతే నీళ్లలో కాల్షియం తక్కువ, సోడియం బైకార్బనేట్ ఎక్కువ ఉంటుందో అక్కడ ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుంది. కాల్షియం ఎక్కువుంటే కాల్షియం ఫ్లోరైడ్‌గా పడిపోతుంది కాబట్టి. అంటే నీళ్లు "సున్నంగా" ఉన్నాయి అనడం, ఫ్లోరైడ్ ఎక్కువ అనడం ఒకటే కాదు. ఫ్లోరైడ్‌కు హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. ఫ్లోరైడ్‌కూ రాళ్లకూ సంబంధం ఉందా అంటే, దక్షిణ రాజస్థాన్ గిరిజన ప్రాంతాల్లో చేసిన అధ్యయనం ఒకటి 2001లో వచ్చింది. ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతంలో రాళ్లు 4.6 రెట్లు ఎక్కువ కనపడ్డాయి. వాళ్లే ఫ్లోరైడ్‌ను తేలికపాటి ప్రోత్సాహకంగా మాత్రమే చెప్పారు. కాల్షియం ఫ్లోరైడ్ రూపంలో బయటికి రావడం, మూత్రంలో ఆక్సలేట్ పెంచడం వాళ్లు అనుకున్న దారులు. కాబట్టి భగీరథ నీళ్లు వస్తుంటే చేలకు కూడా సీసాలో అవే తీసుకుపోండి. ఎముకల కోసమే అయినా ఆ పని చేయాలి.

బోరు నీళ్ల సున్నం మాట. కాల్షియం ఎక్కువుంటే రాయి వస్తుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. పాలు, పెరుగు మానేసేవాళ్లు కూడా ఉన్నారు. అది తప్పు దారి. అమెరికాలో 45 వేల పైచిలుకు మగవాళ్లను చూసి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, తిండిలో కాల్షియం ఎక్కువ తినేవాళ్లకే రాళ్లు తక్కువ వచ్చాయి. కారణం పేగులో ఉంది. అన్నంతో పాటు పెరుగు తింటే, అందులోని కాల్షియం పాలకూరలోని ఆక్సలేట్‌ను పేగులోనే పట్టుకుని బయటికి పంపిస్తుంది. రక్తంలోకి వెళ్లే ఆక్సలేట్ తగ్గుతుంది. మెగ్నీషియం కూడా కొంత ఇదే పని చేస్తుంది. ఒకే కాల్షియం పేగులో ఉంటే కాపలా, మూత్రంలో ఎక్కువైతే రాయికి మూలసరుకు. ఈ అమ్మాయి ట్యూబులో చూస్తున్నది కూడా ఇదే: అయాన్ పేరు కంటే అది ఉన్న చోటు ముఖ్యం.

కల్లు రాయిని కరిగించదు. మూత్రం ఎక్కువ వస్తుంది కాబట్టి చిన్న రాయి జారిపడితే దానికి పేరొస్తుంది. ఎండలో పనిచేసి వచ్చి నీళ్ల బదులు కల్లు తాగితే ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది. ఉలవచారు తాగండి, ఆహారమే కదా, కానీ మందు అనుకుని నొప్పి ఉన్నా ఆస్పత్రికి పోకుండా ఉండకండి. జ్వరంతో పాటు నడుము పక్క నొప్పి వస్తే ఆ రాత్రికే చూపించుకోవాలి. అడ్డం పడిన రాయి వెనక ఇన్‌ఫెక్షన్ చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

పాలమూరు_ల్యాబ్

సార్ చెప్పిన దానికి ఒకటి కలుపుత. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలని డాక్టర్లు చెప్తరు. తాగుడు కాదు, వచ్చుడు. మన దిక్కు ఎండాకాలం 44, 45 డిగ్రీలు, చెమటల ఎంత పోతదో లెక్కే లేదు. 24 గంటల డబ్బాల ముప్పావు లీటరు కూడ రాని రైతులను, డ్రైవర్లను చూస్తున్న. మెగ్నీషియం ఎంత, సిట్రేట్ ఎంత అని చూసే ముందు ఆ ఒక్క నంబరే కథ మొత్తం చెప్తది. చెల్లె, మీ నాయినకు కూడ ఈ పరీక్ష ఒకసారి చేయించు.

నల్లగొండ_ఎమ్మెస్సీ

సార్, అన్నా, ఇంత వివరంగ రాస్తరని అనుకోలేదు. చాల థ్యాంక్స్. వలయాల తేదీలు, లోతులు నోట్‌బుక్‌ల రాసుకున్న, గ్రాఫు ఈ రాత్రే గీస్త. నాయిన రాయి ఒకటి అమ్మ దాచిపెట్టింది, ఎఫ్‌టీఐఆర్‌కు ఇస్తం.

మళ్ల చేసేటప్పుడు ఏ కంట్రోల్ పెట్టాలె సార్? మెగ్నీషియం క్లోరైడ్ వేసినప్పుడు క్లోరైడ్ కూడ పెరుగుతది, అయానిక బలం (అయాన్ల గాఢత, ఛార్జి రెండూ కలిపి వేసే లెక్క) కూడ పెరుగుతది. అందుకని 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ పెడితే సరిపోతదా? ఇంకో సంగతి, టాబ్లెట్ల గురించి. నాయినకు తెలిసినాయన ఒకరు మెగ్నీషియం గోళీలు వేసుకోమన్నడట.

మిర్యాలగూడ_పాత_లెక్చరర్

కంట్రోల్ గురించి అడిగావు చూడు, అది శాస్త్రం చేసేవాళ్ల ప్రశ్న. 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ చాలదు. 0.1 మోలార్ మెగ్నీషియం క్లోరైడ్ అయానిక బలం 0.3, ఎందుకంటే మెగ్నీషియం ఛార్జిని వర్గం చేయాలి. కాబట్టి 0.3 మోలార్ సోడియం క్లోరైడ్ పెట్టు. అందులో క్లోరైడ్ కొంచెం ఎక్కువవుతుంది, 0.2 బదులు 0.3. అందుకని 0.2 మోలార్ సోడియం క్లోరైడ్ ట్యూబు కూడా ఒకటి పక్కన పెట్టు. రెండింటిలోనూ వలయాలు ఏమీ కలపని ట్యూబు లాగే ఉంటే, ఎడం పెరగడం మెగ్నీషియం పనే. గాఢత మార్చినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వెయ్యాలి.

ఇంకొకటి, ట్యూబులన్నీ ఒకే రోజు, ఒకే జెల్ ముద్దలోంచి పోసి, ఒకే స్టాండులో పెట్టు. ఫిబ్రవరిలో పోసిన ట్యూబునూ ఏప్రిల్‌లో పోసిన ట్యూబునూ పోల్చకూడదు. అయాన్ల వ్యాపనం ఒక్కో డిగ్రీకి సుమారు రెండు శాతం చొప్పున పెరుగుతుంది, నల్లగొండలో ఆ రెండు నెలల మధ్య గది ఎంత వేడెక్కుతుందో నీకే తెలుసు. మూతలు బిగించు, జెల్ ఎండితే పగుళ్ల వెంట స్ఫటికాలు పెరుగుతాయి, అవి నమూనా కాదు.

జింక్, కాపర్ ట్యూబుల పైపట్టీని జాగ్రత్తగా తీసి, స్వేదనజలంతో జెల్ పోయేదాకా కడిగి ఎక్స్‌ఆర్‌డీకి పంపు. జింక్ ఫాస్ఫేట్ శిఖరాలు కనపడితే నీ మొదటి ప్రశ్నకు సమాధానం కాగితం మీద దొరికినట్లే.

గోళీల గురించి. పొటాషియం మెగ్నీషియం సిట్రేట్ ఇచ్చి చేసిన ఒక పరీక్ష 1997లో వచ్చింది, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు మళ్లీ రావడం చాలా తగ్గింది. కానీ అందులో సిట్రేట్ పని ఎంత, మెగ్నీషియం పని ఎంత అన్నది విడదీయడానికి వీలులేదు. నాన్నగారి రాయి ఏ రకమో తెలియదు, కిడ్నీ పనితీరు ఎంత ఉందో చూడాలి. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు మెగ్నీషియం ఒంట్లో పేరుకుంటుంది. స్ట్రూవైట్ రాయి అయితే సంగతి మళ్లీ వేరు. డాక్టరు రాయకుండా ఎవరి మాటా విని వేసుకోనివ్వకు. లారీలో ఐదు లీటర్ల క్యాన్ పెట్టించు, మధ్యాహ్నానికే సగం అయిపోవాలి. నిమ్మరసం పిండుకుంటే సిట్రేట్ కూడా కొంత వస్తుంది. ఉప్పు తక్కువ వేసుకోమను, ఉప్పులోని సోడియం మూత్రంలోకి కాల్షియాన్ని వెంట తీసుకుపోతుంది.

రిపోర్టు చివర ఏం రాయాలి అని అడిగావు కదా. గ్రాఫులో నడక మారలేదని తేలితే ఇలా రాయి: "సిలికా జెల్‌లో, పీహెచ్ 6 దగ్గర, మెగ్నీషియం అయాన్లు కాల్షియం ఫాస్ఫేట్ లీజెగాంగ్ వలయాల మధ్య ఎడాన్ని పెంచాయి. కేంద్రకీకరణ ఆలస్యం కావడం దీనికి కారణంగా కనిపిస్తోంది. జింక్, కాపర్ తమ సొంత ఫాస్ఫేట్లుగా అవక్షేపించాయి. ఈ గాఢతలు మూత్రంలో ఉండే గాఢతల కంటే చాలా ఎక్కువ." జింక్, కాపర్ వాక్యం ఎక్స్‌ఆర్‌డీ వచ్చాకే.

గ్రాఫు గీసి ఇక్కడే పెట్టు, నేను చూస్తాను. రేఖ మొదట్లో రెండు మూడు బిందువులు దారి తప్పితే కంగారుపడకు. పైపట్టీకి దగ్గర వలయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, అక్కడ కొలత తేలదు. నాలుగో వలయం నుంచి చూడు.